‘గుంటూరు కారం’ అని కొడితే సినిమా వస్తోంది.. మరి మిర్చి వ్యాపారి వెబ్‌సైట్ కనిపించేదెలా?

గూగుల్‌లో ‘గుంటూరు కారం’ అని కొట్టి చూడండి. మహేశ్‌బాబు వస్తాడు. 2024 సంక్రాంతికి త్రివిక్రమ్ దర్శకత్వంలో ఆ పేరుతో సినిమా వచ్చిన దగ్గర్నుంచీ ట్రైలర్, పాటలు, రివ్యూలు, ఓటీటీ వివరాలే ముందు వరుసలో ఉంటున్నాయి. కారం పొడి అమ్మేవాళ్లు ఆ తర్వాతే. ఆ రెండు మాటల మీదే ఆశ పెట్టుకుని వెబ్‌సైట్ కట్టించుకున్న వాళ్లకు ఇది మింగుడుపడని సంగతి. ఊరు మనది, పంట మనది, పేరూ మనదే.. వెతికితే వచ్చేది మాత్రం సినిమా.

ఇందులో గూగుల్ చేసిన అన్యాయం ఏమీ లేదు. ఆ మాటలు టైప్ చేసేవాళ్లలో ఎక్కువ మందికి కావాల్సింది సినిమా అని దానికి అర్థమైంది, అదే చూపిస్తోంది. కిలో కారం కొనాలనుకునే గృహిణి ‘ఆవకాయకు మంచి కారం ఏది’ అని వెతుకుతుంది. దుబాయ్‌లో హోటల్ నడిపే వ్యక్తి ‘లాల్ మిర్చ్ పౌడర్ హోల్‌సేల్’ అంటాడు. మసాలా కంపెనీ కొనుగోలుదారు ‘తేజ, తొడిమ తీసినది, టన్ను ధర’ అంటాడు. వీళ్లలో ఎవరూ సినిమా చూడ్డానికి రాలేదు. వెబ్‌సైట్ కనిపించాల్సింది వీళ్లకే. సెర్చ్ ఇంజిన్ ఆప్టిమైజేషన్, పొట్టిగా ఎస్‌ఈఓ అని ఏజెన్సీలు వేలకు వేలు తీసుకుని చెప్పే పాఠంలో సగం ఇదే.. కొనేవాడు ఏ మాటతో వెతుకుతాడో ఆ మాట మీ పేజీలో ఉండాలి, ఆ మాటకు సరైన జవాబూ అక్కడే ఉండాలి.

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో కోల్డ్ స్టోరేజీలు, జిన్నింగ్ మిల్లులు, కారం మిల్లులు, విత్తన దుకాణాలు, పచ్చళ్ల తయారీదారులు.. వెబ్‌సైట్ ఉన్నవాళ్లకు కొదవ లేదు. కానీ చాలా సైట్లు తెరిస్తే కనిపించేది ఒకటే. ‘నాణ్యతే మా లక్ష్యం’, ‘1985 నుంచి మీ సేవలో’, యజమాని ఫొటో, ఒక ఫోన్ నంబర్. ఏం అమ్ముతారో తెలుసుకోవాలంటే ఫోన్ చేయాల్సిందే. ఈ లోటునే పెద్ద పెద్ద డైరెక్టరీ సైట్లు సొమ్ము చేసుకుంటున్నాయి. కొనుగోలుదారు ముందుగా వాళ్ల పేజీకి చేరతాడు. ఆ ఎంక్వైరీని అవి ఒకేసారి పది మంది వ్యాపారులకు అమ్ముతాయి. తమ ఊళ్లో సరుకు కొనడానికి సిద్ధంగా ఉన్న మనిషి ఫోన్ నంబర్‌ను తామే డబ్బులు కట్టి కొనుక్కోవాల్సిన పరిస్థితి ఇది.

యార్డులో సరుకు ఎలాగో, గూగుల్‌లో పేజీ అలాగే

ఆసియాలోనే పెద్దదిగా పేరున్న గుంటూరు మిర్చి యార్డు తెలిసినవాళ్లకు సెర్చ్ ఇంజిన్ ఎలా పనిచేస్తుందో చెప్పడం తేలిక. ముందు సరుకు గేటు దాటాలి. గూగుల్ పంపే రోబో ప్రోగ్రామ్ ఒక లింకు నుంచి ఇంకో లింకుకు నడుచుకుంటూ వెళ్లి పేజీలను చదువుతుంది. ఏ పేజీ నుంచీ దారి లేని పేజీ కల్లంలోనే ఉండిపోయిన టిక్కీ లాంటిది, ఎంత మేలు రకమైనా బేరానికి రాదు. రెండోది, వచ్చిన సరుకు లెక్కల్లోకి ఎక్కాలి. దాన్నే ఇండెక్స్ అంటారు. చదివిన ప్రతి పేజీనీ గూగుల్ ఇండెక్స్‌లో పెట్టుకోదు. ఇంకోచోట ఉన్నదే మళ్లీ కనిపించినా, చెప్పుకోదగ్గ విషయం లేకపోయినా పక్కన పడేస్తుంది. మూడోది బేరం. కొనేవాడు టిక్కీలోకి చెయ్యి పెట్టి లోపలి కాయ తీసి చూస్తాడు కదా, పైన మేలు కాయ పరిచి కింద తాలు పెడితే అక్కడే దొరికిపోతారు. శీర్షికలో ఒకటి చెప్పి లోపల ఇంకోటి రాసిన పేజీలకూ అదే గతి.

ఒకప్పుడు ఈ పరీక్ష ఇంత గట్టిగా లేదు. పేజీ కోడ్‌లో ‘కీవర్డ్స్’ అనే చోట వంద మాటలు కుక్కితే పని జరిగిపోయేది. ఆ ట్యాగ్‌ను ర్యాంకింగ్ కోసం అసలు చూడటమే లేదని గూగుల్ 2009 సెప్టెంబర్‌లోనే బహిరంగంగా చెప్పింది. 2011లో పాండా పేరుతో వచ్చిన మార్పు పస లేని పేజీలను, 2012లో పెంగ్విన్ పేరుతో వచ్చింది కొనుక్కున్న లింకులను దెబ్బకొట్టాయి. అయినా ఇవాళ్టికీ ‘200 కీవర్డ్స్ పెడతాం’ అని కొటేషన్ ఇచ్చేవాళ్లు ఉన్నారు. పదిహేనేళ్ల కిందటి పాత స్టాకు అది.

రకం పేరే అసలు కీవర్డ్

మిర్చి వ్యాపారంలో ఒక అదృష్టం ఉంది. కొనేవాళ్లు వాడే మాటలు యార్డు ధరల పట్టికలోనే ఉన్నాయి. తేజ, 334, 341, సూపర్-10, నంబర్-5, 4884, ఆర్మూరు, బ్యాడిగి, చివరికి తాలు కూడా. వీటి వెనకాల కథలూ ఉన్నాయి. 334 అంటే గుంటూరు శివారు లాం పరిశోధన కేంద్రం ఇచ్చిన ఎల్‌సీఏ-334. భాగ్యలక్ష్మి అని పేరుపడిన జీ-4 కూడా అక్కడిదే. గుంటూరు సన్నానికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఇవన్నీ తెలిసిన వ్యాపారి సైట్‌లో ‘రెడ్ చిల్లీ, బెస్ట్ క్వాలిటీ’ అని మాత్రమే ఉంటే ఏం లాభం?

రకానికి ఒక పేజీ చొప్పున పెట్టాలి. ఆ పేజీలో ఏముండాలో రోజూ ఫోన్‌లో అడిగే ప్రశ్నలే చెబుతాయి. తొడిమతోనా, తీసిందా? తేమ శాతం ఎంత? రంగు ఎంత, కారం ఎంత? రంగును ఆస్టా యూనిట్లలో, కారాన్ని స్కోవిల్ యూనిట్లలో చెప్పడం ఎగుమతుల్లో రివాజు. కొత్త పంటా, కోల్డ్ స్టోరేజీ సరుకా? ఎంత బరువు బస్తాలు, కనీసం ఎంత కొనాలి, లోడింగ్ ఎక్కడ? యూరప్‌కు పంపేవాళ్లయితే ఇంకో ప్రశ్న తప్పకుండా వస్తుంది. అక్కడ ఎండుమిర్చిలో అఫ్లాటాక్సిన్ బీ1 కిలోకు 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10 దాటకూడదు. మీ సరుకు పరీక్ష రిపోర్టు ఎలా ఇస్తారో రెండు వాక్యాలు రాసినా, ఆ ప్రశ్నతో వెతికేవాడు నేరుగా మీ దగ్గరికి వస్తాడు. మీ పరీక్షలో రాని అంకెను వేరే సైట్ నుంచి ఎత్తుకొచ్చి పెట్టడం మాత్రం కొరివితో తల గోక్కోవడమే. కంటైనర్ రేవులో ఆగిపోయిన రోజున ఆ పేజీయే సాక్ష్యం అవుతుంది.

పత్తికీ ఇదే లెక్క. కోయంబత్తూరు వైపు స్పిన్నింగ్ మిల్లు మనిషి ‘మంచి పత్తి’ అని వెతకడు. పింజ పొడవు ఎన్ని మిల్లీమీటర్లు, మైక్రోనేర్ ఎంత, చెత్త శాతం ఎంత అని చూస్తాడు. ధర అడిగేది క్యాండీ లెక్కన, అంటే సుమారు 356 కిలోలకు. సరుకు వచ్చేది 170 కిలోల బేళ్లలో. జిన్నింగ్ మిల్లు సైట్‌లో యంత్రాల ఫొటోలు ఎన్ని ఉన్నా ఈ నాలుగు అంకెలు లేకపోతే ఆ పేజీ దేనికీ పనికిరాదు. పత్తి గింజలు, పత్తి చెక్క కూడా అమ్మే మిల్లులు వాటికి వేరే పేజీ పెట్టుకోవాలి. చెక్క కొనేది పాడి రైతు, పింజ కొనేది మిల్లు. ఇద్దరి ప్రశ్నలూ వేరు.

పేజీ శీర్షిక సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. సెర్చ్ ఫలితాల్లో నీలం రంగులో కనిపించే లైను అది. చాలా సైట్లలో అది ‘హోమ్’ అనో ‘వెల్‌కమ్’ అనో ఉండిపోతుంది. ‘తొడిమ తీసిన తేజ ఎండుమిర్చి, గుంటూరు నుంచి టోకుగా’ అని మారిస్తే పది నిమిషాల పని. అన్ని పేజీలకూ ఒకే శీర్షిక పెట్టకూడదు.

అక్షరాలు ఉన్నాయి, గూగుల్‌కు కనిపించవు

ఈ ప్రాంతపు సైట్లకు ఉన్న ప్రత్యేకమైన జబ్బు ఒకటుంది. ప్రింటింగ్ ప్రెస్‌లలో, డీటీపీ సెంటర్లలో తెలుగు టైపింగ్ ఏళ్ల తరబడి అను ఫాంట్లలో సాగింది. కరపత్రం కోసం చేయించిన మ్యాటర్‌నే వెబ్‌సైట్‌లో అతికించమంటారు. తెర మీద తెలుగులా కనిపించేది ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లోనే. లోపల నిజంగా ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. గూగుల్ చదివేది వాటినే, దానికది అర్థం లేని చెత్త. ఉర్దూలో ఇన్‌పేజ్ మ్యాటర్‌ది కూడా ఇదే తంతు. ఉర్దూ పత్రికలు చాలాకాలం నస్తలీఖ్ రాతను బొమ్మల రూపంలోనే నెట్‌లో పెట్టాయి, ఆ వార్తలు సెర్చ్‌కు అందలేదు. తెలుగైనా ఉర్దూ అయినా యూనికోడ్‌లో ఉంటేనే లెక్క. పరీక్షించడం తేలిక. మీ పేజీ నుంచి ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో అతికించండి. అక్షరాలు అలాగే వస్తే సరే. పిచ్చి గీతలు వచ్చినా, అసలు కాపీయే కాకపోయినా ఆ పేజీ రాసినట్టు లెక్క కాదు.

ధరల పోస్టర్లు కూడా ఇంతే. ఎర్రటి బ్యాక్‌గ్రౌండ్ మీద పసుపు అంకెలతో రోజూ వాట్సాప్‌లో తిరిగే బొమ్మనే సైట్‌లో పెట్టేస్తున్నారు. మనిషి చదవగలడు, సెర్చ్ ఇంజిన్‌కు మాత్రం దాని మీద భరోసా లేదు. బొమ్మ కింద అవే అంకెలు అక్షరాల్లో టైప్ చేయాలి. ఫొటోల ఫైళ్లకు కెమెరా ఇచ్చిన నంబరు వదిలేయకుండా అందులో ఏముందో పేరు పెట్టాలి. ఆల్ట్ టెక్స్ట్ అనే గడిలో ‘కల్లంలో ఆరబోసిన 334 మిర్చి’ లాంటి ఒక్క మాట రాస్తే చాలు.

ఇక ఏ భాషలో పెట్టాలన్నది. రైతు తెలుగులో వెతుకుతాడు, చాలామంది తెలుగునే ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు, నోటితో చెప్పి వెతికేవాళ్లూ పెరిగారు. ఎండుమిర్చి, మిరపకాయలు, మిర్చి.. మూడూ వాడుకలో ఉన్నాయి. కాబట్టి పేజీలో మూడూ సహజంగా దొర్లితే మంచిది. హైదరాబాద్, గల్ఫ్ కొనుగోలుదారుల కోసం ఉర్దూ పేజీ పెట్టుకునే వీలున్న వ్యాపారులు ఇక్కడ ఎందరో ఉన్నా, ఆ పని చేసినవాళ్లు తక్కువ. భాషకొక పేజీ వేరుగా ఉండాలి. ఒకే పేజీలో మూడు భాషలు కలిపేస్తే అది ఎవరికి చూపించాలో గూగుల్‌కు తెలియదు. ఇది తెలుగు ప్రతి, ఇది ఉర్దూ ప్రతి అని చెప్పే ‘హెచ్‌రెఫ్‌లాంగ్’ అనే గుర్తు ఉంది, డెవలపర్‌ను అడిగితే పెడతాడు. మెషీన్ అనువాదాన్ని చూసుకోకుండా పెట్టొద్దు. ‘తాలు’ను అది ఏమని అనువదిస్తుందో ఒకసారి చూస్తే నవ్వొస్తుంది, కొనేవాడు మాత్రం నవ్వడు.

జిల్లా మారింది, సైట్ మారలేదు

2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగింది. నరసరావుపేట, చిలకలూరిపేట, సత్తెనపల్లి, వినుకొండ పల్నాడు జిల్లాలోకి వెళ్లాయి. చీరాల, పర్చూరు బాపట్లలో కలిశాయి. కందుకూరు నెల్లూరుకు వెళ్లింది. యడ్లపాడు మండలం వంకాయలపాడులో ఉన్న స్పైసెస్ పార్కు పేరు గుంటూరుదే, ఉన్నది మాత్రం పల్నాడు జిల్లాలో. సైట్లలో, డైరెక్టరీల్లో, మ్యాప్‌లో ఇప్పటికీ పాత చిరునామాలే ఉన్న సంస్థలు బోలెడు. ఒకచోట గుంటూరు జిల్లా, ఇంకోచోట పల్నాడు జిల్లా, ఫోన్ నంబర్ ఒకచోట పాతది ఒకచోట కొత్తది.. ఇలా ఉంటే ఇవన్నీ ఒకే దుకాణమా కాదా అన్న అనుమానం గూగుల్‌కే కాదు, లారీ డ్రైవర్‌కు కూడా వస్తుంది. పేరు, చిరునామా, ఫోన్.. ఈ మూడూ అన్నిచోట్లా అక్షరం తేడా లేకుండా ఉండాలి. పాత జిల్లా పేరుతో వెతికేవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి ‘పూర్వపు గుంటూరు జిల్లా’ అని ఒక మాట వేస్తే నష్టం లేదు.

స్థానిక వ్యాపారానికి సైట్ కంటే ముందు చూసుకోవాల్సింది గూగుల్ బిజినెస్ ప్రొఫైల్. మ్యాప్‌లో దుకాణం పేరుతో కనిపించే కార్డు అది. 2021 నవంబర్ దాకా దాన్నే గూగుల్ మై బిజినెస్ అనేవారు. పూర్తిగా ఉచితం. ‘మీ లిస్టింగ్ గడువు అయిపోయింది, రెన్యువల్‌కు డబ్బు కట్టండి’ అని ఫోన్ వస్తే పెట్టేయడమే. అప్పట్లో ఈ ప్రొఫైల్‌తో పాటే గూగుల్ ఉచితంగా చిన్న వెబ్‌సైట్ కూడా ఇచ్చేది. ఎంతోమంది దాన్నే విజిటింగ్ కార్డుల మీద, షాపు బోర్డు మీద అచ్చు వేయించారు. 2024 మార్చిలో గూగుల్ వాటిని మూసేసింది. ‘బిజినెస్ డాట్ సైట్’ అని ముగిసే అడ్రసు మీ బోర్డు మీద ఉంటే అది ఇప్పుడు ఎక్కడికీ పోదు.

దూది ఏకి పరుపులు కుట్టే కొట్టు ఉందనుకోండి. ఈ పత్తి నేలల్లో దూదేకుల కుటుంబాలు తరాలుగా చేస్తున్న పని. ఆ కొట్టుకు వెబ్‌సైట్ అక్కర్లేదు. ప్రొఫైల్‌లో సరైన క్యాటగిరీ ఎంచుకుని, పాత పరుపు విప్పి దూది ఏకి కొత్త గుడ్డతో కుట్టిస్తారని, ఇంటికొచ్చి తీసుకెళ్తారని, సింగిల్ పరుపుకు ఎంత అవుతుందో రాస్తే చాలు. పనిలో ఉన్నప్పటి ఫొటోలు నాలుగు పెట్టాలి. శుక్రవారం జుమా నమాజ్‌కు కొట్టు మూసే గంట, రంజాన్ నెలలో మారే టైమింగ్స్ కూడా వేయాలి. ‘ఓపెన్’ అని చూపిస్తే ఆటో కట్టించుకుని వచ్చినవాడు తలుపు మూసి ఉండటం చూస్తే ఒక స్టార్ ఇచ్చి పోతాడు. ఆ ఒక్క స్టార్ ఏళ్లపాటు అక్కడే ఉంటుంది. దానికి కోపంగా కాకుండా మర్యాదగా జవాబు రాయాలి. చుట్టాల చేత, స్నేహితుల చేత అయిదేసి స్టార్లు కొట్టించడం గూగుల్ నిబంధనలకే విరుద్ధం. ఆన్‌లైన్ రివ్యూలకు మన దగ్గర 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణం కూడా వచ్చింది. పని బాగుందన్న మనిషిని అక్కడికక్కడే ‘రెండు మాటలు రాయండి భాయ్’ అని అడగడంలో తప్పు లేదు, చాలామంది మొహమాటపడి అడగరు.

‘ఈరోజు మిర్చి ధర’ పేజీలు

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డుకు సరుకు పోటెత్తే రోజుల్లో రైతులు ఎక్కువగా వెతికే మాట ఇదే. అందుకే ఈ మాట మీద పుట్టినన్ని సైట్లు ఇంక దేనిమీదా పుట్టలేదు. వీటిలో కొన్ని చేసే పని ఏమిటంటే, పాత ధరలే ఉంచి పైన తేదీ మాత్రం ఇవాళ్టిది వేయడం. ప్రకటనల మీద డబ్బు వస్తే చాలు వాళ్లకు. ఆ అంకె నమ్మి టిక్కీలు లారీకెత్తిన రైతుకు బాడుగ, హమాలీ ఖర్చు, ఒక రాత్రి నిద్ర పోతాయి. సెర్చ్ కోసం రాసే పేజీలో ఇంత నష్టం దాగి ఉంటుందని ఎస్‌ఈఓ పాఠాలు చెప్పవు.

ధరలు ఇచ్చే సైట్ నడపాలనుకుంటే పద్ధతిగా నడపొచ్చు, దానికే సెర్చ్‌లోనూ నిలకడ. ఏ యార్డు, ఏ తేదీ, ఏ రకం, కనిష్ఠం ఎంత, గరిష్ఠం ఎంత, ఎక్కువ సరుకు అమ్ముడైన మోడల్ ధర ఎంత అన్నది విడివిడిగా రాయాలి. ఎక్కడి నుంచి తెచ్చారో చెప్పాలి. ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్ పోర్టల్ ఉంది, 2016 ఏప్రిల్ 14న మొదలైన ఈ-నామ్ ఉంది. గరిష్ఠ ధర ఒక్కటే పెద్ద అక్షరాల్లో వేసి ఊరుకోవడం మోసం కిందే లెక్క. ఆ ధర నాలుగు లాట్లకే పలికి ఉండొచ్చు. యార్డుకు వేసవి సెలవులు ఇచ్చినప్పుడు ‘సెలవు, చివరి ధర ఫలానా తేదీది’ అని రాయాలి. ఆ రోజుల్లో కూడా కొత్త తేదీతో అంకెలు వేసే సైట్ ఎలాంటిదో దాన్నిబట్టే తెలిసిపోతుంది.

అంకె కంటే వివరణకు విలువెక్కువ. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ఖరారు చేసింది. ఆ అంకె ఊరూరా తిరిగింది. చాలామంది ఆ ధరకు ప్రభుత్వం సరుకు కొంటుందనుకున్నారు. అమ్ముడైన ధరకూ దానికీ ఉన్న తేడాను చెల్లించే పద్ధతి అది అని సాఫీగా చెప్పే పేజీ ఆ వారంలో ఏ ఎరువుల షాపు సైటో, రైతు సంఘం సైటో పెట్టి ఉంటే జనమే వెతుక్కుంటూ వచ్చేవాళ్లు.

పురుగుమందుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 2021-22లో నల్ల తామర పురుగు మిరప తోటలను ఊడ్చేసినప్పుడు దిక్కుతోచని రైతులు ఫోన్లో వెతికారు. అప్పుడు హడావుడిగా పుట్టిన పేజీలు కొన్ని ఇప్పటికీ తేదీ లేకుండా అలాగే ఉన్నాయి. మందు పేరు, మోతాదు రాసే పేజీకి తేదీ, ఎవరి సిఫారసు అన్నది తప్పనిసరి. సిఫారసు మారితే పేజీ మార్చాలి, లేదా తీసేయాలి. ప్రాణాలు, డబ్బుతో ముడిపడిన విషయాల్లో నమ్మకానికి గూగుల్ ఇంకా ఎక్కువ తూకం వేస్తుంది. రాసిందెవరు, వాళ్లకు ఆ విషయం ఎలా తెలుసు అన్నది పేజీలోనే కనిపించాలి. ఆహార పదార్థాలు అమ్మేవాళ్లు 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్, ఎగుమతిదారులు స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్ సైట్‌లో పెట్టాలి. ముందుగా చూసేది కొనుగోలుదారే.

గంటలో తేలిపోయే తనిఖీలు

గూగుల్‌లో ‘సైట్’ అనే మాటను ఇంగ్లిష్‌లో కొట్టి, పక్కనే కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మీ వెబ్ అడ్రసు ఇవ్వండి. మీ పేజీలు వరుసగా రావాలి. ఏమీ రాకపోతే ఎక్కడో తలుపు మూసి ఉంది. సాధారణంగా దొరికే దొంగ ఒకడే. వర్డ్‌ప్రెస్‌లో సైట్ కడుతున్నప్పుడు సెర్చ్ ఇంజిన్లు రాకుండా ఒక గడిలో టిక్ పెడతారు, పని అయ్యాక తీయడం మర్చిపోతారు. ఆ టిక్ కింద ఏడాదంతా నిద్రపోయిన సైట్లు ఉంటాయి.

గూగుల్ సెర్చ్ కన్సోల్ ఉచితం. అందులో ఏ మాటలకు మీ సైట్ కనిపించింది, ఎంతమంది నొక్కారు అన్నది రోజువారీగా తెలుస్తుంది. ‘గుంటూరు’ అన్న ఒక్క మాటకు వెయ్యిసార్లు కనిపించి ఒక్కరూ నొక్కకపోతే సంతోషించాల్సిందేమీ లేదు. ‘341 మిర్చి టోకు’ అన్న మాటకు ఇరవైసార్లు కనిపించి నలుగురు నొక్కితే ఆ పేజీని ఇంకా బాగు చేయాలి.

ఫోన్‌లో, మామూలు డేటా మీద, పొలం దగ్గర నిలబడి సైట్ తెరిచి చూడండి. గూగుల్ ఇప్పుడు లెక్కలోకి తీసుకునేది ఫోన్‌లో కనిపించే రూపాన్నే. ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలని అది సూచిస్తోంది. ఆలస్యానికి కారణం చాలావరకు ఫోన్‌తో తీసి అలాగే ఎక్కించిన అయిదారు ఎంబీల ఫొటోలు, హోమ్ పేజీలో తిరుగుతూ ఉండే పెద్ద బ్యానర్లు. ఫొటోలు కుదించండి, బ్యానర్ పీకేయండి. హెచ్‌టీటీపీఎస్ లేని సైట్‌లో ఆర్డరు పెట్టడానికి ఎవరూ ధైర్యం చేయరు.

కొత్త పేజీ ఇండెక్స్‌లోకి ఎక్కి కుదురుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆవకాయ కారం అమ్మాలంటే మామిడికాయలు వచ్చాక పేజీ రాస్తే ఆ ఏడాదికి అందదు. సంక్రాంతి నాటికే పేజీ సిద్ధంగా ఉండాలి. ఏటా కొత్త పేజీ పెట్టకుండా అదే పేజీలో ధర, కొత్త పంట వివరం మార్చుకుంటూ పోవడం మేలు.

గ్యారంటీ ఇచ్చేవాళ్ల సంగతి

‘నెలలో మొదటి పేజీ, గ్యారంటీ’ అనే ఫోన్లు ఇప్పుడు ఒంగోలు, గుంటూరు వ్యాపారులకు రోజూ వస్తున్నాయి. మొదటి స్థానం ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగులే తన సహాయ పేజీల్లో రాసి పెట్టింది. గ్యారంటీ ఇచ్చేవాళ్లు చేసేది సాధారణంగా రెండు పనుల్లో ఒకటి. ఎవరూ వెతకని మీ షాపు పూర్తి పేరుకు మొదటి స్థానం చూపిస్తారు, అది ఎలాగూ వచ్చేదే. లేదా లింకులు కొంటారు, ఊరికొక పేజీ తయారుచేస్తారు. ‘సత్తెనపల్లిలో ఉత్తమ కోల్డ్ స్టోరేజీ’, ‘అద్దంకిలో ఉత్తమ కోల్డ్ స్టోరేజీ’ అని ఊరి పేరు మార్చి వంద పేజీలు. గూగుల్ భాషలో ఇవి డోర్‌వే పేజీలు, నిషేధం. ఏఐతో గుట్టలు గుట్టలుగా రాయించి పడేయడాన్ని కూడా 2024 మార్చిలో స్పామ్ జాబితాలో చేర్చింది. ఏఐ సాయంతో రాయడం తప్పు కాదు, చెప్పడానికి ఏమీ లేకుండా రాశి కోసం రాయడమే తప్పు. దెబ్బ తగిలేసరికి ఏజెన్సీ ఫోన్ ఎత్తదు, సైట్ మాత్రం మీదే.

ఇప్పుడు ఫలితాల పైన ఏఐ రాసిన సారాంశాలు కూడా వస్తున్నాయి కదా, ఇక సైట్లు ఎవరు చూస్తారన్న బెంగ ఉంది. ‘మిర్చిలో కారం ఎందుకు ఉంటుంది’ లాంటి ప్రశ్నలకు వచ్చే జనం తగ్గే మాట నిజం. కానీ ఆ సారాంశం పది టన్నుల 334 లోడు చేసి పంపదు. అది కావాల్సినవాడికి ఫోన్ నంబర్ కావాలి.

డబ్బు ఖర్చు పెట్టేలా ఉంటే పెట్టాల్సిన చోట్లు వేరే ఉన్నాయి. మంచి ఫొటోలు, తెలుగు, ఉర్దూ సరిగ్గా రాసే మనిషి, వేగమైన హోస్టింగ్. వీటన్నిటికంటే ముందు డొమైన్ ఎవరి పేరు మీద ఉందో చూసుకోవాలి. సైట్ కట్టిన కుర్రాడు తన మెయిల్‌తో తన పేరు మీదే రిజిస్టర్ చేసి ఉండొచ్చు. అతను బెంగళూరులో ఉద్యోగానికి వెళ్లిపోతాడు, రెన్యువల్ మెయిల్ ఎవరూ చూడని డబ్బాలో పడుతుంది, గడువు దాటిన అడ్రసును ఇంకెవరో కొనుక్కుంటారు. ఏళ్లుగా సంపాదించిన లింకులు, పేరు అన్నీ కొత్త ఓనర్‌కు వెళ్తాయి. అలా కొన్న అడ్రసుల్లో జూదం సైట్లు నడపడం మామూలే. పాత విజిటింగ్ కార్డు చూసి వచ్చిన కొనుగోలుదారుకు మిర్చికి బదులు రమ్మీ కనిపిస్తుంది. రిజిస్ట్రార్ దగ్గర లాగిన్ మీ మెయిల్‌తో, మీ ఫోన్ నంబర్‌తో ఉండేలా ఈ వారమే మార్పించుకోండి. సెర్చ్ కన్సోల్, బిజినెస్ ప్రొఫైల్ ఓనర్‌గా కూడా మీ మెయిలే ఉండాలి. డెవలపర్‌కు మేనేజర్ హోదా ఇస్తే సరిపోతుంది.